బంతిలో ఆఖరి ఆకు

పోయిన వారం తిరుపతిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బల్లలు వరసగా వేసి, అరిటాకులు పరిచి, పద్ధతిగానే వడ్డించారు. నేను ఇంకా చారన్నంలో ఉండగానే నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆకు మడిచి లేచాడు. ఆయన్ని చూసి అవతలాయన, అవతలాయన్ని చూసి వరస మొత్తం లేచింది. బల్ల తుడిచే అతను తడిగుడ్డ పట్టుకొని నా ఆకు పక్కనే నిలబడ్డాడు. ఆ గుడ్డను చూస్తూ పెరుగన్నం తినడం ఎవరి వల్లా కాదు. నేనూ లేచాను.

చెయ్యి కడుక్కుంటుంటే మేనేజరు సారు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆయనే ఉండి ఉంటే ఆ పెద్దమనిషి మణికట్టు పట్టుకొని మళ్ళీ కూర్చోబెట్టి ఉండేవాడు. ముక్కూ మొహం తెలియకపోయినా సరే. "కూసో అప్పా. బంతి ఇంకా లేయలేదు" అనేవాడు.

బంతిలో ఆఖరి మనిషి తినడం ముగించేదాకా ఎవరూ లేవకూడదని మా వైపు పెద్దలు చెబుతారు. చాలామందికి అది పెళ్ళిళ్ళలో గుర్తొచ్చే మాట. ఆయనకు మాత్రం బతుకంతా అదే మాట. బస్సులో ముసలామె సీటు వెతుక్కుంటుండగానే డ్రైవరు బండి కదిలిస్తే, "ఏందప్పా, బంతి లేయకముందే ఆకులెత్తుతా ఉండావు" అని వెనక నుంచి కేక వేసేవాడు. మాట్లాడుతుండగా ఎవరైనా ఫోన్ పెట్టేస్తే మళ్ళీ చేసి, "నేనింకా మజ్జిగలో ఉండాను, నువ్వు లేచేసినావు" అనేవాడు.

నాకు తిరుపతిలో చిన్న ఆఫీసు ఉంది. అడిగినవాళ్ళకు వెబ్‌సైట్లు చేసిపెడతాం. ఆయన బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయల కొనుగోలు చూసే మేనేజరు. రైతులు ఇంటి దగ్గర నుంచే టోకెన్ తీసుకొని, వాళ్ళకు పడిన రోజున ట్రాక్టరు తోలుకొచ్చేలా ఆ ఫ్యాక్టరీకి ఒక సైటు చేశాం. దాని మంచిచెడ్డలు మాట్లాడటానికి నన్ను ఎప్పుడూ మధ్యాహ్నం భోజనానికే రమ్మనేవాడు. సీజన్లో ఆ ఫ్యాక్టరీ షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్ళు, డ్రైవర్లు, రైతులు, ఆఫీసువాళ్ళు అందరూ ఒకే వరసలో కింద కూర్చొని తింటారు. ఆయన గోడవారగా చివరి ఆకు ముందు కూర్చునేవాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

ఆయన తినడం గురించి చెప్పాలి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తిండి ఎక్కువేమీ కాదు, కానీ ముగిసేది కాదు. సంగటి ముద్దలో గుంట చేసి, ఆ గుంటలో చెనిక్కాయ ఊరుబిండి పచ్చడి పెట్టి, దాన్ని కాసేపు చూసి, అప్పుడు తుంచేవాడు. వంకాయ ముక్కను నచ్చజెప్పి ఒప్పించిన తర్వాతే నోట్లో పెట్టుకునేవాడేమో అనిపించేది. ఇక చారులో ములక్కాడ కనబడిందంటే ఆ పూటకు మా ప్రాణం తోకకొచ్చినట్టే. నేనేమో రైలు అందుకోవాల్సినవాడిలా తినే రకం. నా ఆకు ఖాళీ అయి, చెయ్యి ఎండి, వేళ్ళ మధ్య అన్నం పెచ్చులు కట్టే వేళకి ఆయన ఇంకా పప్పు దగ్గరే ఉండేవాడు.

తమాషా ఏమిటంటే, తన వల్లే బంతి ఆగిందని ఆయనకు ఎప్పుడూ తట్టేది కాదు. మెడ చాచి వరస వైపు చూసి, ఇంతమంది కూర్చొనే ఉన్నారంటే ఇంకా ఎవరో తింటున్నారన్నమాట అనుకొని, వాళ్ళకు తోడుగా ఉందామని ఇంకాస్త మజ్జిగ పోయించుకునేవాడు. చివరికి ఏ డ్రైవరో, "సార్, మేమంతా మీ కోసమే కూసోనుండాము" అనేవాడు. "నాకోసమా? నేను ఎప్పుడో అయిపోగొట్టినా గదబ్బా, మీరేమో తింటా ఉండారని కూసున్నా" అని ఆశ్చర్యపోయేవాడు. మర్నాడు మళ్ళీ అదే కథ.

మా ఇద్దరి మధ్యా ఉన్న ఒకే ఒక్క తగాదా కూడా ఆ ఆకుల ముందే నడిచింది. అది పాత బ్రౌజర్ల గురించి. ఫోన్లోనో కంప్యూటర్లోనో సైట్లను తెరిచి చూపించే కిటికీలాంటిదే బ్రౌజరు. కిటికీ మరీ పాతదైతే మేము కొత్తగా పెట్టేవి అందులోంచి కనబడవు. అప్పటికి నేను ఆ సైటుకి ఒక కొత్త ఏర్పాటు సిద్ధం చేసిపెట్టాను. ఫ్యాక్టరీ ముందు వరస ఎంతదాకా వచ్చిందో రైతు ఇంట్లో కూర్చొనే ఫోన్లో చూసుకోవచ్చు, తన వంతు దగ్గర పడినప్పుడు ట్రాక్టరు బయల్దేరదీయవచ్చు. అది లేక అందరూ తెల్లారకముందే వచ్చి హైవే పక్కన ఎండలో బారులు తీరుతున్నారు. పాత బ్రౌజర్లో మాత్రం అది పనిచేయదు. ఎంత గుంజులాడినా పనిచేయలేదు.

"కొందురికి కనపడి కొందురికి కనపడకపోతే ఎట్లబ్బా?" అన్నాడు ఆయన. "కనపడేటోడు నిమ్మళంగా ఇంట్లో కూసుంటాడు. కనపడనోడు రోడ్డు మీద కాసుకోనుంటాడు. పెడితే అందురికీ పెట్టు. లేకుంటే ఆపు. పాత దాంట్లో ఇంకా ఎవురన్నా వస్తా ఉండారా, సూసి చెప్పు."

చూశాను. సైటుకి ఎవరెవరు వచ్చారన్నది తెలియదు గాని, ఎలాంటి బ్రౌజర్ నుంచి ఎంతమంది వచ్చారన్నది మాకు తెలుస్తుంది. పాత దాని నుంచి వచ్చేవాళ్ళు తగ్గుతూ తగ్గుతూ ఒకే ఒక్క మనిషి మిగిలాడు. ఆ ఒక్కడూ రోజూ పొద్దున్నే తప్పకుండా వస్తున్నాడు.

"ఒక్కడే సార్" అన్నాను, పని అయిపోయినట్టేనన్న ధీమాతో.

"ఒగడు తింటా ఉండాడు గదా. బంతి లేయలేదు" అన్నాడు.

అలా మొదలైంది మా ఆఖరాయన కథ. ఆ పేరు సారు పెట్టిందే. ఎప్పుడు కలిసినా, కుశల ప్రశ్నల్లో మా అమ్మ తర్వాత ఆ ఆఖరాయనే. "మనాయన వస్తా ఉండాడా?" అని అడిగేవాడు. వస్తున్నాడంటే మొహం విప్పారేది. రానురాను ఆ మనిషికి ఒక బతుకే కట్టిపెట్టాడు. కొండ కింద ఎక్కడో చిన్న తోట. కొడుకు కొత్త ఫోను కొనుక్కొని పాతది ఈయనకు పడేశాడు. పొద్దున్నే వస్తున్నాడంటే పాలు పితికి డెయిరీలో పోసివచ్చి తెరుస్తున్నాడు.

"అది సరే సార్, రోజూ తెరుస్తాడు, చూస్తాడు, వెళ్ళిపోతాడు. ఒక్కసారి కూడా టోకెన్ తీసుకోడే" అన్నాను ఒకసారి.

"మొగమాటస్తుడు" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

"సీజను అయిపోయాక కూడా వస్తున్నాడు సార్. చెట్టు మీద పిందె కూడా లేని రోజుల్లో."

"ఆశబ్బా. రైతుకి ఆశ ల్యాకుంటే ఎట్ల?"

నిజం చెప్పాలంటే నాకూ ఆ ఆఖరాయన మీద ఒక రకమైన అభిమానం పుట్టుకొచ్చింది. పొద్దున ఆఫీసుకు రాగానే ఆయన వచ్చాడా లేదా అని చూసుకోవడం అలవాటైపోయింది. అలా ఒక సీజను గడిచి ఇంకో సీజను వచ్చింది. నా కొత్త ఏర్పాటు అటకెక్కే ఉంది, ట్రాక్టర్లు ఎండలోనే ఉన్నాయి.

ఆ ఎండలోంచే ఒకరోజు రెడ్డెమ్మ వచ్చింది. సొంత తోట, సొంత ట్రాక్టరు, గట్టి గొంతు ఉన్న మనిషి. తోతాపురి కాయల లోడుతో తెల్లారకముందు వచ్చిందట. మిట్టమధ్యాహ్నమైనా వంతు రాలేదు. అడుగు కాయలు వేడెక్కి మెత్తబడుతున్నాయి. ఫోన్లో వరస చూసుకునే ఏర్పాటు సిద్ధంగా ఉండి కూడా ఆగిపోయిందని ఎవరో చెప్పారు కాబోలు, నేరుగా భోజనాల షెడ్డులోకి వచ్చి సారు ఆకు ముందు నిలబడింది.

"ఎవురో ఒగాయన తింటా ఉండాడని మమ్మల్నంతా ఎండలో నిలబెడతా ఉండావంటనే, నిజమా అన్నా?"

"కూసో రెడ్డెమ్మా. ముందు రెండు మెతుకులు తిను" అన్నాడు ఆయన.

"తింటాలే. బంతి లేయలేదు, బంతి లేయలేదని ఊరంతా చెప్తావే, రెండో బంతికని బయట నిలబడుకోనుండేటోళ్ళు నీ కంటికి ఆనరా? వాళ్ళకు కడుపుల్యాదా?"

నోటి దాకా వెళ్ళిన ముద్ద ఆగిపోవడం నేను అప్పుడే చూశాను. ఆయన ఆ ముద్దను మళ్ళీ ఆకులో పెట్టాడు. "తింటా ఉండేటోని ముందర నుంచి ఆకు ఎట్ల లాగేదమ్మా?" అన్నాడు. గొంతులో వాదన లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"ఎవురాయన? యాడుంటాడు? నాకు సూపీ, నేను పోయి మాట్లాడతా. కావల్లంటే నా ఫోనే ఇస్తా ఆయనకి."

ఎక్కడని చూపిస్తాం? రెడ్డెమ్మ కూర్చొని గబగబా తినేసింది. తిన్నాక ఎండిన చేత్తో ఆయన కోసం కాచుక్కూర్చుంది కూడా. కోపం వేరు, పద్ధతి వేరు. ఆమె కాయల్లో చాలావరకు ఆరోజు పక్కన పెట్టేయాల్సి వచ్చింది. సారు ఆ సాయంత్రమంతా ఆ కాయల గుట్ట చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అటు ఆమెకూ న్యాయం చేయలేక, ఇటు ఆఖరాయన్నీ వదల్లేక ఆయన పడ్డ బాధ నాకు తెలుస్తూనే ఉంది.

ఆ సీజను చివర ఆయన కంటి ఆపరేషన్‌కి వేలూరు వెళ్ళాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఖరాయన రావడం మానేశాడు. మొదటిరోజు ఊళ్ళో కరెంటు లేదేమో అనుకున్నాను. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నాకు దిగులు పట్టుకుంది. బంతి లేచిందని సంబరపడాల్సిన వాణ్ణి, ఏదో పోగొట్టుకున్నట్టు కూర్చున్నాను. ఉండబట్టలేక సారుకి ఫోన్ చేశాను.

"సార్, మనాయన రావడం లేదు."

కంటికి కట్టు కట్టుకొని మంచం మీద ఉన్న మనిషి నెమ్మదిగా అన్నాడు, "ఒళ్ళు బాగల్యాదేమోబ్బా. వయసు మళ్ళినోడు. కాస్త ఓపిక పట్టు. బాగైతే వస్తాడు."

వచ్చాడు. ఆ తర్వాత వారంలో ఒక పొద్దున నేను బండి దిగి, సంచీ బల్ల మీద పెట్టి చూసేసరికి పాత బ్రౌజర్ నుంచి ఒక మనిషి వచ్చి వెళ్ళినట్టు ఉంది. సంతోషం ఆపుకోలేక వెంటనే ఫోన్ చేశాను.

"సార్, మనాయన వచ్చేశాడు. ఇందాకే వచ్చాడు."

"సెప్పలేదా నేను? ఒళ్ళు బాగల్యాక రాలేదు గాని, మనిషి మంచోడు" అన్నాడు ఆయన కూడా ఉత్సాహంగా. "నేనూ ఈ పొద్దే డ్యూటీకి వచ్చినా. వస్తానే మన సైటు తెరిసి సూసినా. బాగానే తెరుసుకుంటా ఉండాది. మనాయనకు ఏం ఇబ్బంది ఉండదు."

నాకు ఎక్కడో చురుక్కుమంది. "దేంట్లో తెరిచి చూశారు సార్?"

"మన పాత కంప్యూటర్లోనే."

ఆ కంప్యూటరు నాకు తెలుసు. ఫ్యాక్టరీకి మొట్టమొదట ఇంటర్నెట్ వచ్చినప్పుడు కొన్నది. ఆయన గది మూలలో ఆయుధపూజ నాటి పసుపు కుంకుమలతో, పైన ఒక తువ్వాలు కప్పుకొని ఉండేది. కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చాక దాన్ని గౌరవం కొద్దీ ఉంచుకున్నాడనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"రోజూ దాంట్లోనే తెరుస్తారా సార్?"

"సైటు పెట్టినకాడ్నించీ రోజూ పొద్దన్నే అదే గదబ్బా నా పని. ఊదుబత్తి ఎలిగించి, దాంట్లో మన సైటు తెరిసి సూస్తా. దాంట్లో తెరుసుకునిందంటే ఆ ఆఖరాయనకు గూడా తెరుసుకునినట్లే. ఆయన వచ్చి, సైటు తెరుసుకోక ఎనక్కి పోగూడదు గదా. తెరుసుకుంటే మూసేసి టీకి పోతా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆయన ఆ ఆఖరాయన కోసం రోజూ తలుపు తీసి చూస్తున్నాడు. తలుపు తీసినందుకు నేను ఆయన్నే లెక్క వేసుకొని, ఆఖరాయన వచ్చాడని ఆయనకే చెబుతున్నాను. ఎలా చెప్పాలో తెలియక, "సార్, మీరు ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడే ఆయన రావడం మానేశాడు. మీరు వచ్చిన పొద్దే వచ్చాడు" అన్నాను.

ఫోన్లో ఒక నవ్వు మొదలైంది. చిన్నగా మొదలై, దగ్గుగా మారి, మళ్ళీ నవ్వయింది. పక్కన ఎవరో "నీళ్ళు తాగండి సార్" అంటున్నారు. నేనూ ఇటువైపు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాను. ఆ నవ్వంతా అయిపోయాక ఆయన గొంతు మారింది.

"అంటే అబ్బా, ఆ పొద్దు రెడ్డెమ్మను ఎండలో నిలబెట్టింది నేనేనా?"

నా నవ్వూ ఆగిపోయింది.

"మధ్యాన్నానికి రా" అన్నాడు.

వెళ్ళాను. షెడ్డులో ఎప్పటిలాగే చివరి ఆకు ముందు కూర్చొని ఉన్నాడు. తొందరపడి తింటాడేమో అనుకున్నాను గాని, అదేం లేదు, ఆరోజూ ములక్కాడ వచ్చింది. పెరుగన్నం కలుపుకుంటూ తీర్పు చెప్పాడు. "కొత్తది పెట్టేయ్. ఇంక నాకోసం ఎవురూ కాసుకోవద్దు."

"పాతది తీసేయమంటారా మరి?"

"తీసేయ్. అయితే ఒగ మాట. బంతి లేచినాక గూడా ఎవురో ఒగరు వస్తారబ్బా. బస్సు తప్పిపోయినోడో, దారి తెలీనోడో. వాళ్ళకని ఇంత కూడు ఎత్తిపెట్టుకోవల్ల గదా. పాత దాంట్లో ఎవురన్నా వస్తే, వాళ్ళకు ఒగ మాట, నా ఫోన్ నంబరు కనపడేట్లు పెట్టు. నేను మాట్లాడి టోకెన్ ఇప్పిస్తా."

అలాగే పెట్టాను. ఏ పాత కిటికీలోనైనా తెరుచుకునే ఒక తెల్లటి పేజీ, అందులో 'దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి' అనే ఒక్క వాక్యం. మిగతా సైటు అంతా కొత్తదైపోయింది. మరుసటి సీజన్లో రెడ్డెమ్మ ఇంట్లో కూర్చొని వరస చూసుకొని, భోంచేసి, సరిగ్గా తన వంతుకు ట్రాక్టరు తోలుకొచ్చింది. వస్తూ సారుకి ఒక పనసపండు తెచ్చింది. ఆ పండు తొనలు ఆయన తిని ముగించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

తెల్లటి పేజీ చూసి ఫోన్ చేసినవాడు నాకు తెలిసి ఒక్కడే. సూళ్ళూరుపేట నుంచి ఎవరో పెద్దాయన, మనవరాలి వేడుకకు మామిడి గుజ్జు డబ్బాలు కావాలని అడిగాడట. సారు అరగంట మాట్లాడి, డబ్బాలు పంపించి, నాకు ఫోన్ చేసి, "దొరికినాడబ్బా మన ఆఖరాయన. అచ్చం నేను సెప్పినట్లే ఉండాడు, మొగమాటస్తుడు" అన్నాడు. అంత సంతోషంగా ఆయన మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు.

పోయిన వానల్లో ఆయన వెళ్ళిపోయాడు. నిద్రలోనే పోయాడు. పెద్దకర్మ చంద్రగిరిలో, వాళ్ళ ఇంటి ముందు షామియానాలో. వానలు వెలిసి ఎండ చురచురమంటోంది. ఫ్యాక్టరీ నుంచి అందరూ వచ్చారు. కాయలు ఏరే ఆడవాళ్ళు, డ్రైవర్లు, రెడ్డెమ్మ, నేను మొదటి బంతిలో కూర్చున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గాని, గోడవార చివరి చోటులో ఎవరూ కూర్చోలేదు. వడ్డించే మనుషులు కొత్తవాళ్ళు. ఆకు పరిచి ఉంది కదా అని ఆ ఖాళీ చోటులో కూడా పప్పు, కూర, వడ, పాయసం, అన్నీ వడ్డించుకుంటూ పోయారు. ఆ చారులో ములక్కాడ కూడా ఉంది.

తిన్నాం. ముగించాం. ఎవరూ లేవలేదు.

చేతులు ఎండుతున్నాయి. అందరి కళ్ళూ ఆ చివరి ఆకు మీదే ఉన్నాయి. నిండుగా ఉంది, ఒక్క మెతుకూ కదల్లేదు. పక్కన ఒక డ్రైవరు నవ్వు ఆపుకోబోయి ఏడ్చేశాడు. షామియానా బయట రెండో బంతికి వచ్చినవాళ్ళు తలల మీద తువ్వాళ్ళు వేసుకొని నిలబడి ఉన్నారు.

రెడ్డెమ్మ ఒకసారి బయటికి చూసింది, ఒకసారి ఆ ఆకు వైపు చూసింది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"అన్నా, అయిపోయిందిలే. నువ్వే ఆఖరాయనవి. బయట జనం ఎండలో ఉండారు" అంది.

బంతి మొత్తం ఒక్కసారే లేచింది.